పలుకురాయి

ఓర్వకల్లు నుంచి పదకొండు కిలోమీటర్లు లోపలికి వెళితే, రాతిగుట్టల నడుమ గుండ్లకొట్టాల అనే చిన్న ఊరు ఉంది. నూట పది ఇళ్లు, ఒక గుడి, ఒక మసీదు, ఒక నీళ్ల ట్యాంకు, ఒకే ఉపాధ్యాయుడున్న ప్రాథమిక పాఠశాల. ఆ ఉపాధ్యాయుణ్ని నేను. నా పేరు ఉమామహేశ్. జరిగినదాన్ని జరిగిన వరుసలోనే రాయడం నాకు అలవాటు. దీన్ని కూడా అలాగే రాస్తాను.

ఆ ఊరికి ఫోను పలకదు. ‘పలకదు’ అన్న మాట నాది కాదు, ఊరివాళ్లది. సిగ్నల్ వస్తే ‘పలుకుతాది’ అంటారు. రాకపోతే ‘పలకల్యా’ అంటారు. గుట్టల అవతలే విమానాశ్రయం ఉంది. విమానం దిగే చప్పుడును బట్టి మా పిల్లలు వేళ చెప్పగలరు. అయినా చేతిలోని ఫోను మాత్రం ఊరి పొలిమేర దాటగానే మూగబోతుంది. ఊరు మొత్తానికి అది పలికే చోటు ఒక్కటే. బడి వెనుక గుట్టమీద, మనిషికి రెండింతల ఎత్తున్న బండలు రెండు ఒకదానివైపు ఒకటి ఒరిగి ఉంటాయి. వాటి నడుమ ఇద్దరు నిలబడేంత చదును. అక్కడ నిలబడితే రెండు గీతలు వస్తాయి. ఆకాశం తేటగా ఉంటే మూడు. దాన్నే పలుకురాయి అంటారు.

ఆ పేరు ఫోన్లకంటే చాలా పాతది. అక్కడ నిలబడి కేక వేస్తే ఎదుటి గుట్ట ఆ కేకను తిరిగి పలుకుతుంది. సరిగ్గా రెండుసార్లు. మొదటిది స్పష్టంగా వస్తుంది. రెండోది కొంత ఆలస్యంగా, కొంత సన్నగా వస్తుంది. మూడోది రాదు. ఎవరు, ఎంత గట్టిగా అరిచినా రాదు.

ఆరేళ్ల క్రితం నేను ఉద్యోగంలో చేరిన వారానికే, పిల్లల హాజరును ఆన్‌లైన్‌లో పంపడానికి మొదటిసారి ఆ గుట్ట ఎక్కాను. సాయంత్రం కావడంతో పదిమంది వరుసలో నిలబడి ఉన్నారు. నా వంతు వచ్చేసరికి ఫోను మోగింది. నేను ‘హలో’ అనబోయేంతలో ఒక గరుకు అరచేయి నా నోటికి అడ్డం పడింది. గొర్రెల వాసన. అది సుబ్బయ్య చేయి. అప్పటికే డెబ్బై దాటిన కాపరి ఆయన.

“ఉండండి సారూ! మూడోసారి పిలిచినాక పలకల్ల.”

“పిలిచేది మా మండలం ఆఫీసు, సుబ్బయ్యా. కొండ కాదు.”

“కొండకు ఫోను ల్యాదని మీకు ఎవురు చెప్పినారు?”

వరుసలోని వాళ్లంతా నవ్వారు. సుబ్బయ్య కూడా నవ్వాడు గానీ చేయి తీయలేదు. “కొండకు రెండు పలుకులే ఉండాయి సారూ. మూడోది మనిషిది. మూడోది ఇన్నాకనే ‘ఓ’ అనల్ల. ముందే అంటే దారి ఇడిసినట్టు.”

దేనికి దారి, అని నేను అడగలేదు. చదువుకున్నవాణ్ని కనుక ఆ కట్టడికి నాదైన ఒక కారణం కనిపెట్టుకున్నాను. ఆ రాయిమీద మాట ఆలస్యంగా చేరుతుంది, మొదటి రెండు ‘హలో’లు ఒకరివి ఒకరిమీద పడి చెదిరిపోతాయి, మూడోదానికి లైను కుదురుకుంటుంది. పెద్దలు చెప్పినదాంట్లో ఇంత శాస్త్రం ఉందే అని సంతోషించాను కూడా. ఫోను ఎత్తి, ఎడమ అరచేతితో నోరు మూసుకొని, మూడో పిలుపుదాకా ఆగడం నాకూ అలవాటైంది. ఊరిలో పసిపిల్లలకు కూడా ఆ సైగ తెలుసు. నోటికి అరచేయి అడ్డం పెడితే అర్థం ఒక్కటే: ఆగు, మూడోది రానీ.

నా భార్య తనూజది జమ్మలమడుగు. ఓర్వకల్లులో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ఆమె నన్ను ‘సారూ’ అని పిలిచేది. మా బడిపిల్లలను వెక్కిరిస్తూ మొదలుపెట్టిన ఆ పిలుపే చివరికి నా పేరైపోయింది. చివరి అచ్చును సాగదీసి, కొసన కొంచెం పైకి లేపేది. మూడు పిలుపుల సంగతి చెప్పినప్పుడు ఆమె నడుముమీద చేతులు పెట్టుకొని నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“మూడుసార్లు పిలిస్తేగాని పలకని మనిషికి పెండ్లామెందుకు? మా ఊరి దేవుడు నయం, రెండోదానికే పలుకుతాడు.”

“లైను కుదురుకోవడానికి, తనూజా.”

“సారూ… సారూ… సారూ… ఏమి, ముగ్గురు సార్లుండారా ఆడ?”

అయినా ఆమె ఎప్పుడూ మూడుసార్లే పిలిచేది. మూడోది ఎప్పుడూ నవ్వుతూనే వచ్చేది.

పదహారు నెలల క్రితం, నవంబరులో ఒక మంగళవారం, నేను కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి బడికి వచ్చాను. మధ్యాహ్నం పన్నెండూ నలభై రెండు నిమిషాలకు, నేను పలుకురాయి మీద హాజరు పంపుతుండగా ఫోను మోగింది. తనూజ నంబరు. ఎత్తి, నోటికి అరచేయి అడ్డం పెట్టుకున్నాను.

“సారూ…”

ఆగాను.

“సారూ…”

ఆగాను. లైను తెగింది.

తిరిగి చేశాను, అందుబాటులో లేదన్న సమాధానం వచ్చింది. ఆ రాయిమీద ఇది రోజూ జరిగేదే. హాజరు పంపి, కిందికి దిగి, మూడో తరగతి పిల్లలకు వత్తులు రాయించాను.

ఆ వేళకు ఆమె ఊరి పొలిమేరకు అవతల మట్టిదారిలో, మోరీ కోసం తవ్వి వదిలేసిన గుంతలో స్కూటీ కింద ఉంది. నా కళ్లద్దాలు తెస్తూ పడిపోయింది. గుంతలో అడుగున మోకాటిలోతు బురదనీళ్లు. మూడున్నరకు సుబ్బయ్య గొర్రెలు అటు వెళ్లి ఆగిపోతే ఆయన తొంగి చూశాడు. కర్నూలు ఆస్పత్రిలో డాక్టరు నన్ను నిందించలేదు. రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే బతికేదేమోనని మాత్రం అన్నాడు.

నేను ఒక్క అక్షరం పలికి ఉంటే చాలేది. ‘ఓ’ అని ఉంటే, నేను వింటున్నానని తెలిసి, ఆమె ‘సారూ’ అని మళ్లీ పిలవడానికి దాచుకున్న ఊపిరితో ‘గుంత’ అనో, ‘మోరీ’ అనో చెప్పి ఉండేది. ఈ వాక్యాన్ని పదహారు నెలలుగా మనసులో దిద్దుతూనే ఉన్నాను. ఎక్కడా తప్పు దొరకదు.

బదిలీ ఇస్తామన్నారు. నేను వద్దన్నాను. ఆమె పిలుపు చేరిన చోటు లోకంలో అదొక్కటే కనుక దాన్ని విడిచి వెళ్లలేకపోయాను.

ఈ మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పన్నెండున్నరకు పిల్లలు అన్నం తిని ఇళ్లకు పోతారు. ఆ ఎండవేళ రాయిమీద ఎవరూ ఉండరు కనుక నేను అప్పుడే ఎక్కేవాణ్ని. అదే రోజుల్లో ఊరి నడిబొడ్డున, ట్యాంకు పక్కన కొత్త సెల్ టవర్ లేచింది. గురువారం పొద్దున దాన్ని పలికిస్తారని చెప్పుకున్నారు. ఊరంతా పండుగ చేసుకుంటున్నట్టుంది.

“ఇంగ గుట్ట ఎక్కే పని ల్యా సారూ,” అంది మధ్యాహ్న భోజనం వండే గంగక్క, గిన్నెలు కడుగుతూ. “పొయ్యికాడ కూచోనే మా కోడలితో కొట్లాడచ్చు. ఇన్నాళ్లూ అంత ఎత్తు ఎక్కేతలికి కోపం ఆరిపోయేది.”

నేను నవ్వాననుకుంటాను. ఆ నవ్వు మధ్యలోనే నాకొక సంగతి తోచింది. గురువారం తరువాత ఆ రాయిమీదికి ఎవరూ రారు. నేను రావడానికి కూడా కారణం ఉండదు.

సోమవారం మధ్యాహ్నం రాయిమీద హాజరు పంపాక ఫోను ఒకసారి అదిరింది. ఒక సందేశం. ఫలానా నంబరు నుంచి మీకు ఒక కాల్ వచ్చింది, సమయం పన్నెండూ నలభై రెండు. నంబరు తనూజది.

నేను కంగారుపడలేదు. ఆ రాయిమీద సందేశాలు వారాలు ఆలస్యంగా రావడం అందరికీ తెలిసిందే. రంజాన్ శుభాకాంక్షలు బక్రీదుకు అందిన సందర్భాలున్నాయి. పదహారు నెలలు ఎక్కడో చిక్కుకొని, ఇప్పుడు విడుదలై ఉంటుంది. ఆమె ఫోను పగిలిన అద్దంతో మా ఇంటి బీరువాలో ఉంది. నంబరును కంపెనీ ఎప్పుడో తీసేసింది. అదంతా సరే. కానీ ఆ రోజు ఆమె కాల్‌ను నేను ఎత్తాను. ఎత్తిన కాల్‌కు ఇలాంటి సందేశం రాదు. ఈ సంగతి గుట్ట సగం దిగాక స్ఫురించింది.

మంగళవారం అదే వేళకు ఫోను మోగింది.

ఎండ నిట్టనిలువుగా ఉంది. బండలకు నీడ లేదు. గాలి ఆగిపోయింది. ఎక్కడా పిట్ట అలికిడి లేదు. తెరమీద తనూజ పేరు వెలుగుతోంది. నా ఎడమచేయి తనంతట తానే నోటిమీదికి వెళ్లింది.

“సారూ…”

చివరి అచ్చు సాగింది. కొసన కొంచెం పైకి లేచింది. ఆ స్వరం వెనుక ఎక్కడో నీటి చుక్కలు పడుతున్నాయి. ఒక చక్రం గాలిలో తిరుగుతూ, నెమ్మదిస్తూ, టిక్… టిక్… అంటోంది.

“సారూ…”

నా అరచేయి తడిసింది. కన్నీళ్లో చెమటో తెలియలేదు. మూడోదాని కోసం ఆగాను. ఎంత మూర్ఖుణ్నో చూడండి, రెండోసారి కూడా ఆగాను. లైను తెగింది. తిరిగి చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని చెప్పింది.

కింద తంగేడు పొదల దగ్గర సుబ్బయ్య గొర్రెలు మేపుతున్నాడు. ఆయనకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమెను గుంతలోంచి ఎత్తినవాడు ఆయనే. ఆయన చాలాసేపు చేతికర్రతో మట్టిలో గీతలు గీశాడు.

“ఆ యమ్మ గొంతేనా?”

“ఆమెదే.”

“ఎన్నిసార్లు పిలిచింది?”

“రెండుసార్లు.”

“అయితే ఆ యమ్మ కాదప్పా.” నన్ను ఆయన అప్పా అని పిలవడం అదే మొదలు. “ఆ పొద్దు ఈ కొండ కూడా ఇనింది గదా, ఆ యమ్మ పిలిచేది. ఇన్నదాన్ని అంటాది. దానికి సొంతంగా మాట ల్యాదు.”

“నేను ఆ రోజు పలకలేదు, సుబ్బయ్యా. ఈసారైనా పలకాలి గదా.”

“పలికితే ఆ యమ్మకు అందుతాదా?”

నేను గుట్టమీది బండలవైపు చూశాను.

“ఎల్లుండికి టవరు వస్తాది,” అన్నాడు ఆయన లేస్తూ. “రేపొక్క దినం ఓర్చుకోండి. గుట్టమీదికి రాబాకండి. హాజరు పంపకపోతే ఉద్యోగం పోదు గదా.”

బుధవారం పన్నెండూ ముప్పైఅయిదుకు నేను పలుకురాయి మీద ఉన్నాను.

హాజరు పంపలేదు. ఫోనును చదునురాతి మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. బండ కాలుతోంది. రాతిపగుళ్లలోంచి వేడి వాసన వస్తోంది. ఊరిలో టవర్ కొన ఎండకు మెరుస్తోంది. దానిమీద ఇద్దరు మనుషులు చీమల్లా కనిపిస్తున్నారు. ఒక విమానం దిగింది. ఆ చప్పుడు పోయాక మరే చప్పుడూ మిగల్లేదు.

ముందు వాసన వచ్చింది. పెట్రోలు. దాని అడుగున తడిసిన మట్టి. నాలుగు నెలలుగా చినుకు పడని గుట్టమీద బురద వాసన.

ఫోను మోగింది. ఎత్తాను.

“సారూ…”

చక్రం తిరుగుతోంది. టిక్… టిక్…

నేను చేయి ఎత్తలేదు. ఎడమచేతిని తొడకింద పెట్టి, దానిమీదే కూర్చున్నాను.

“సారూ…”

“ఓ!” అన్నాను.

గొంతు చీలేలా అరిచాను. “ఓ తనూజా! ఇన్నానే! ఈడనే ఉండా! యాడ పడినావు, చెప్పు… వస్తాండా… వస్తాండా!” పదహారు నెలలుగా దిద్దుకున్న వాక్యాలలో ఒక్కటీ నోటికి రాలేదు.

అటునుంచి మాట లేదు.

ఎదుటి గుట్ట నా కేకను తిరిగి పలికింది. ఓ… స్పష్టంగా. తరువాత ఇంకోసారి. ఓ… కొంచెం ఆలస్యంగా, కొంచెం సన్నగా.

ఫోనును చెవి నుంచి తీసి చూశాను. కాల్ తెగిపోయి ఉంది. ఎంతసేపు నడిచిందో తెరమీద ఉంది. మూడు సెకన్లు. మూడు సెకన్లలో పట్టేది ఒక్క పిలుపే. రెండోది ఫోనులోంచి రాలేదు.

అప్పుడు…

“ఓ.”

మూడోది.

ఎదుటి గుట్ట నుంచి కాదు. సన్నగా లేదు. ఆ రెండు బండల నడుమే, నా భుజం వెనుక, ఇంకొక్క మనిషి నిలబడగలిగినంత ఖాళీ ఉన్న చోటు నుంచి వచ్చింది. నా గొంతే. నా గొంతులాగే ఉంది, కానీ నాకంటే నిదానంగా ఉంది. పిల్లలకు ఒక కొత్త అక్షరం పలికి చూపించేటప్పుడు నేను ఎలా పలుకుతానో, అలా.

వెనక్కి తిరగలేదు. ఎలా దిగానో గుర్తులేదు. చేతుల చర్మం లేచిపోయింది.

తంగేడు పొదల దగ్గర సుబ్బయ్య నిలబడి ఉన్నాడు. గొర్రెలన్నీ గుట్టకు వీపు పెట్టి, తలలు కలిపి ముద్దగా నిలబడ్డాయి. ఆయన నావైపు రెండడుగులు వేసి, నా వెనుకకు చూసి, ఆగిపోయాడు.

“పలికినారా?”

తల ఊపాను.

“ముప్పొద్దులా మూడో పలుకు ల్యాక పడుండె కొండ ఇది,” అన్నాడు ఆయన మెల్లగా. “దానికి మూడోది ఇచ్చి వస్తిరే సారూ.” కోపం లేదు ఆ గొంతులో. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. “ఇంగ మేము దేన్ని ఇని పలకల్ల?”

ఆ రాత్రి ఇంట్లో ఏమీ జరగలేదు. ఆ మాట రాయడం న్యాయం. బీరువాలోని ఫోను అలాగే ఉంది. నేను తెల్లవారేదాకా నిద్రపోయాను కూడా. పదహారు నెలల్లో అంత నిద్ర పట్టడం అదే మొదటిసారి. ఆమెకు జవాబు చెప్పానన్న తృప్తి నాలో ఎక్కడో ఉండింది. దాన్ని దాచను.

గురువారం ఏడూ నలభైఅయిదుకు బడి మొదలైంది. ఇరవై రెండు మంది పిల్లలూ వచ్చారు. కిటికీలోంచి టవర్ కనిపిస్తోంది. ఎనిమిదికి పలికిస్తారని గంగక్క చెప్పింది. కొత్త గుడ్డ వాసన, పలకబలపం వాసన, పక్క గదిలో ఉడుకుతున్న పప్పు వాసన. అంతా రోజూలాగే ఉంది.

నా బడిలో పిల్లలు ‘ప్రెజెంట్ సార్’ అనరు. ‘ఉన్నాను సార్’ అంటారు. అది నేను నేర్పినదే. ఉన్నవాడు ఉన్నానని తన భాషలో చెప్పడం బాగుంటుందని నా నమ్మకం. పట్టీలో చివరి పేరు, ఇరవై రెండోది, ఫర్హానా. బోరు మోటార్లు బాగుచేసే సమీవుల్లా కూతురు, అయిదో తరగతి. నేను ‘ఫర్’ అనగానే ‘ఉన్నాను సార్’ అనేస్తుంది. పేరు పూర్తిగా పిలవనిస్తే నీ ముల్లె ఏం పోతుందమ్మా, అని రోజూ మందలిస్తాను. రోజూ నవ్వుతుంది.

పట్టీ తెరిచాను.

“ఓబుళేశు.”

జవాబు లేదు. తలెత్తి చూశాను. ఓబుళేశు ముందు వరుసలోనే కూర్చొని, నోటికి అరచేయి అడ్డం పెట్టుకొని, నన్నే చూస్తున్నాడు. కొన్ని క్షణాల తరువాత చేయి తీసి, “ఉన్నాను సార్,” అన్నాడు.

“హర్షవర్ధన్.”

అరచేయి. నిశ్శబ్దం. అదే ఆలస్యం… “ఉన్నాను సార్.”

“యామిని.”

మళ్లీ అంతే. పలుకురాయి మీద ఫోనులో మాట ఎంత ఆలస్యంగా చేరేదో, సరిగ్గా అంత ఆలస్యం. ఇరవై ఒక్క పేర్లు అలాగే గడిచాయి. చివరి పేరు పిలవకుండానే పట్టీ మీద చేయి పెట్టి అడిగాను.

“ఏమమ్మా ఫర్హానా, ఈ రోజు అందరూ ఇంత ఆలస్యంగా పలుకుతున్నారెందుకు?”

ఆమె లేచి నిలబడింది. “మా అబ్బా చెప్పినాడు సార్. ఈ పొద్దు ఊర్లో టవరు పెడతాండారు గదా. ఇంగ ఊరంతా పలుకురాయేనంట. బడిలో కూడా మూడోసారికే పలకమన్నాడు. అందరిండ్లలో అట్లే చెప్పినారు.”

“కానీ నేను ఒక్కొక్క పేరు ఒక్కసారే పిలిచాను గదా.”

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“ల్యా సార్,” అంది ఫర్హానా. “మూడుసార్లు పిలిచినారు.” తరువాత గొంతు తగ్గించి, తప్పు చేసినదానిలా, “మొదటిసారే మీ నోరు కదిలింది సార్,” అంది.

కూర్చోమని సైగ చేశాను.

ఎనిమిది అయింది. కిటికీ అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. బల్లమీద నా ఫోను వెలిగింది. ఆ ఊరిలో, ఆ గదిలో, మొదటిసారి గీతలన్నీ నిండుగా ఉన్నాయి. అది మోగలేదు. నేను దాన్ని తాకలేదు. తెరమీద తనూజ పేరు ఉంది. పేరు కింద సెకన్లు నడుస్తున్నాయి. నాలుగు… అయిదు… ఆరు…

పెట్రోలు వాసన వచ్చింది.

“ఫర్హానా.”

నా గొంతు. స్పష్టంగా, నిదానంగా, ఒక్కో అక్షరం విడివిడిగా. ఈసారి నాకూ వినిపించింది.

పిలిచింది నేను కాదని ఆ పిల్లకు తెలియాలి. నోరు తెరిచి ‘పలకవద్దు’ అంటే, ఆ మాటలో ఏది నాదో ఏది దానిదో తెలియదు. ఆలోచించే వ్యవధి లేదు. నా నోరు కదలడం లేదని అందరికీ కనిపించేలా, ఎడమ అరచేతితో నోరు గట్టిగా మూసుకున్నాను.

ఫర్హానా నా చేతిని చూసింది. అర్థమైందన్నట్టు బుద్ధిగా తల ఊపింది. తన అరచేయి కూడా తన నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. ఆ ఊరిలో ఆ సైగకు అర్థం ఒక్కటే.

“ఫర్హానా.”

ఆమె ఆగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఊపుతూనే ఉన్నాను. కానీ ఆమె నన్ను చూడటం లేదు. ఇరవై రెండు మందిలో ఒక్కరూ నన్ను చూడటం లేదు. అందరి కళ్లూ నాకు కొంచెం కుడిపక్కన, నల్లబల్లకూ నాకూ నడుమ, ఒక మనిషి నిలబడగలిగినంత ఖాళీ ఉన్న చోట నిలిచి ఉన్నాయి.

“ఫర్హానా.”

మూడోది.

ఆ పిల్ల నోటిమీది నుంచి చేయి తీసింది. లేచి నిలబడి, నేను నేర్పినట్టే, ఒక్క అక్షరం మింగకుండా, “ఉన్నాను సార్,” అంది.